ఊయల గదిలో చీట్లు

మీరు గట్టిగా నమ్మే మాట ఒకటుంది కదా, అది తప్పని మీ నోటితో మీరే ఒప్పుకోవాలంటే ఏం జరగాలి? ఏం కనబడాలి? తడుముకుంటున్నారా? నేనూ తడుముకున్నాను. ఎండలో మోకులు పేనుతూ, పీఠమెక్కి అరుస్తూ, నా భార్య చెయ్యి పట్టుకుని కూర్చుని తడుముకున్నాను. ఆ తడుములాటను ఎప్పటికప్పుడు రాసిపెట్టిందే ఇది. ఏడుతెప్పల ఊరి నుంచి ఆమోసు అనే మోకులవాడు, ఎవరూ తల మీద చేతులుంచి పంపని బోధకుడు, మిగతా తెప్పల ఊళ్ళవాళ్ళకు పంపుతున్నాడు. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు బిగ్గరగా చదివి వినిపించండి.

ఒకటో రాత. తూర్పుగాలి.

మోకుల పండగ అయి నెల దాటింది. కొత్త మోకులు ఇంకా కిర్రుమంటూనే ఉన్నాయి. మునిగిన వాడరేవుకు పైన తేలే ఊరు మాది. ఏటా పండగకు ఏడు తెప్పల మోకులూ విప్పి కొత్తవి బిగిస్తాం. ఇత్తడి గిన్నెలన్నిటికీ లోపల తగరం పూత, అదే కళాయి, పోయిస్తాం. కొండవాళ్ళ పడవ తెచ్చిన చింతపండుతో చేపల పులుసు వండి, ఆ పూట ముట్టకుండా మర్నాడు తింటాం. పులుసు ఒక నిద్రపోయి లేస్తేనే రుచి అంటారు మా ఆడవాళ్ళు. పండగే కాదు, మామూలు రోజుల్లోనూ అంతే. ఏ రోజు పులుసు ఆ రోజే తినేవాణ్ణి మా దగ్గర ఆత్రగాడంటారు. ఈ ఏడు పులుసు మరీ తియ్యగా దిగిందని ఊరంతా గిన్నెలు నాకుతోంది. నాకు పులుపు పడదు, గుండెల్లో మంట. నా గంజీ, నా ఎండుచేప ముక్కా నాకు వేరే.

పొద్దున దీనమ్మ చేతిలోంచి గరిటె జారింది. వంగి తీసుకుంది. మళ్ళీ జారింది.

"ఏందే, గరిటెతో ఆటలా?" అన్నాను.

"ఆటలాడే వయసే మరి నాది," అంది నా భార్య. "చేతికి చెయ్యి లేనట్టుందయ్యా. కడుపులో ఎవరో మోకు పేనతన్నట్టుంది."

ఆ మాటే గోడనున్న బూరలో చెప్పింది. ప్రతి ఇంటి గోడకూ ఒక బూర ఉంది మాకు. తెల్లారగానే ఇంటి ఇల్లాలు నీళ్ళెలా ఉన్నాయో, వల ఎలా పడిందో, ఒళ్ళెలా ఉందో అందులో చెప్పాలి. నడిమి తెప్పలో ఉన్న పొందిక అనే యంత్రం అన్ని ఇళ్ళ మాటలనూ ఒకదానికొకటి అతికించి చూస్తుంది. అతికితే "పొందింది" అంటుంది. అతకకపోతే "పొందలేదు, ఆలోచించి మళ్ళీ చెప్పండి" అంటుంది. తుఫాను ఏ దిక్కున వస్తుందో, చేప ఏ నీళ్ళలో ఉందో అదే చెప్పేది. మా తాతల కాలం నుంచి మమ్మల్ని బతికించింది. అబద్ధమాడను.

"పొందింది," అంది బూర, దీనమ్మ నోరు మూయకముందే.

ఇంత తొందరగా అతికిందంటే, ఇదే మాట చెప్పిన ఇళ్ళు ఇంకెన్ని?

రెండో రాత. ఆదివారం.

తూర్పు తెప్పల్లో ఇంటికొకరు చొప్పున పడిపోతున్నారు. ముందు కడుపులో మెలి, తరువాత మణికట్టు వాలిపోవడం. చెయ్యి ముందుకు చాపితే అరచెయ్యి తెగిన కొమ్మలా కిందికి వేలాడుతుంది. 

ఊరుకుంటానా? పీఠమెక్కాను. "కొండ కింద దూడను పోసుకుని మొక్కినవాళ్ళకీ మీకూ తేడా ఏంది? వాళ్ళది బంగారం, మీది బూర! పొద్దున లేస్తే దేవుడికి చెప్పుకోవాల్సింది గోడకి చెప్పుకుంటన్నారు. అందుకే మీ చేతులు వాల్చాడు ఆయన!" అని గొంతు చిరిగేలా అరిచాను. ఆడవాళ్ళు ఏడ్చారు. మగవాళ్ళు తలలు దించుకున్నారు. నాకు తృప్తిగా ఉంది, ఆ సంగతీ రాయాలి.

ఇంటికొచ్చాక దీనమ్మ అడిగింది: "నీకు చెయ్యి బానే ఉందిగా. బూర ముందు నువ్వు నిలబడలా?"

"బోధించడానికి నన్ను మిగిల్చాడు."

"మరి మన తూర్పు తెప్పలోనే ఉండే, కూటం మొహం చూడని బుడేసాయిబు? ఆయనకీ ఏం రాలా."

"ఆయనకి ఇంకా గడువిచ్చాడు."

"పక్కింటి శాంతకుమారి చంటిబిడ్డ మెలికలు తిరిగిపోతంది. ఆ పిల్ల ఏ బూరకి మొక్కిందయ్యా?"

"పెద్దల పాపం పిల్లలకి..."

"అబ్బో! ఎవరికొచ్చినా నీ మాటే నిజం, రాకపోయినా నీ మాటే నిజం. మరి నీ మాట తప్పని తేలాలంటే ఏం జరగాలో అది చెప్పు."

గ్రంథం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. జవాబు కోసం వెతికాను. గాలి నాకన్నా ముందే పుటలు తిప్పేస్తోంది. నా కథలో అన్నీ అతుకుతున్నాయి. అది చూసే మురిసిపోయాను. ఏది ఎదురొచ్చినా మింగేసే కథ అది. అన్నీ మింగేది తిమింగలం, ప్రవక్త కాదు.

మూడో రాత. పోటు మీద పోటు.

పొందిక తేల్చేసింది. అన్ని బూరల్లో ఒకేసారి చెప్పింది. దీని పేరు ఊగు దోషమట. చంద్రుడు నీటిని లాగుతాడు, నీరు తెప్పను లాగుతుంది, తూర్పు తెప్పలు బయటి సముద్రం వైపు కనక ఎక్కువ ఊగుతాయి, ఊగి ఊగి మోకు వదులైనట్టు మనిషి చెయ్యి వదులవుతుంది. రోగులు తూర్పునే ఎక్కువ, కాబట్టి పొందింది. పున్నమికి మెలి ఎక్కువైందన్నారు, పొందింది. జబ్బు రానివాళ్ళను సముద్రం ఇంకా పేరు పెట్టి పిలవలేదు, అదీ పొందింది. వింటుంటే ఎంత బాగుందో! ఎక్కడా పీచు లేవని మోకులా ఉంది.

పొందికకు కాపరి ఇందుమతి. చదువుకున్న పిల్ల. దాని తండ్రీ నేనూ ఒకే పడవలో తిరిగినవాళ్ళం. మధ్యాహ్నం తనే మా ఇంటికొచ్చింది.

"బాబాయ్, పిన్నిని ఊయల గదికి తీసుకెళ్ళాలి. మంచాలకి నాలుగు మోకులు కట్టి వేలాడదీశాం. ఊగు తగలదు. బలానికి పూటపూటా పులుసన్నం. పెద్ద ఇత్తడి గుండిగ కూడా మొన్న పండక్కి కళాయి పోయించిందే, శుభ్రం."

"ఎన్నాళ్ళమ్మా?"

"చేతులు లేచేదాకా."

"ఇప్పటిదాకా ఎవరివైనా లేచినయ్యా?"

ఇందుమతి నా కళ్ళలోకి చూడలేదు. "పోటు తగ్గాక లేస్తాయంది," అంది.

ఆ ఊయలల మోకులు పేనింది నేనే. నా చేతులతో నా భార్యను అందులో పడుకోబెట్టి వచ్చాను. పొయ్యి చల్లగా ఉంది. ఇల్లంతా ఎటు చూసినా ఆమె గరిటెలే.

నాలుగో రాత. గాలి లేదు.

ఊయల గదిలో ఎవరికీ తగ్గడం లేదు. చెప్పాలంటే ముదురుతోంది. దీనమ్మకు రెండో చెయ్యి కూడా వాలింది. మొన్న ఒక ముసలాయన పోయాడు. పొందిక దానికీ మాట అతికించింది: లోపలికి పోయిన ఊగు బయటికి వచ్చేముందు ముదురుతుందట.

సాయంత్రం ప్రార్థనకు ఊరంతా వచ్చింది, మన దేవుడని కాదు, భయమేసి. మా కూటంలో పాట తరువాత సాక్ష్యాలు చెప్పడం అలవాటు. ఎవరికి మేలు జరిగితే వాళ్ళు లేచి చెబుతారు. ఇవాళ ఆ అలవాటును తిరగేశాను.

"మేలుల సంగతి దేవుడికి తెలుసు, కూర్చోండి. పొందిక ఎవరి మాట పొందలేదందో వాళ్ళు లేవండి," అన్నాను.

ఎవరూ కదలలేదు. మా ఊళ్ళో అది పరువు తక్కువ. పెళ్ళిలో పేచీ పెట్టినట్టు చూస్తారు, పొందని మాట చెప్పిన ఇంటిని. కాసేపటికి మస్తానమ్మ లేచింది. తూర్పు తెప్ప చిట్టచివర ఒక్కతే ఉండే ముసలమ్మ. నోరు తెరిస్తే బూతు.

"నీ తస్సాదియ్యా, నన్నడుగు బోదకుడా. ఊరి మొత్తమ్మీద నాకన్నా ఊగే ముండ ఎవరు? నాకేం రాలేదంటే పొందలేదంది. ఇంకోసారి చెప్పా, పొందలేదంది. ఇసుగొచ్చి, పోనీ కాలు లాగతందని చెప్పా. 'పొందింది, జాగర్త' అంది. నా కాలు ఏం లాగట్లా!"

నవ్వులు. ఆ నవ్వులోంచే నాంచారయ్య లేచాడు. ఉప్పు వండే పడమటి తెప్ప మనిషి.

"మాది పడమర. మా వాడికి చెయ్యి వాలింది. బూరలో చెబితే పొందలేదంట. మా ఆడది బెదిరిపోయి, మొన్న తూర్పు తెప్పకి చుట్టపుచూపుగా పోయొచ్చాడని చెప్పింది. ఆడు యాడికీ పోలా. పొందిందంట."

"అట్టా ఎందుకు చెప్పావే?" అన్నాడు ఎవరో ఆమెతో.

"ఏం చేసేది? మా ఒక్కింటి మాటే అందరితో కలవకపోతే రేపు మా పిల్లకి సంబంధం ఎవరు తెస్తారు?"

ఆ తరువాత ఆగలేదు. ఒకరి వెనక ఒకరు లేచారు. అందరి కథా అదే. యంత్రం వద్దన్న మాటను ఇంటి ఇల్లాలు కాస్త సవరించి, అంచు కత్తిరించి, మళ్ళీ ఇచ్చింది. పొందిక అబద్ధమాడలేదు. మనం దిద్ది ఇచ్చినవే అతికించింది. మంచి మర్యాదస్తులం మనం!

ఇందుమతి కూటం చివర నిలబడి ఉంది. ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు.

అయిదో రాత. ఎండ.

పొందని ఇళ్ళన్నీ తిరిగాను. తూర్పున ఉండీ జబ్బు లేనివాళ్ళు, పడమర ఉండీ జబ్బు ఉన్నవాళ్ళు. వీళ్ళే నాకు కావాలి. గొర్రెలన్నీ దొడ్లో ఉంటే కాపరికి పనేముంది? తప్పిపోయినదాని వెంట పోవాలని నేర్పినవాడు ఊరికే నేర్పలేదు.

ముందు నా పాత కథనే పట్టుకుపోయాను: భక్తి ఉన్న ఇళ్ళు, లేని ఇళ్ళు. మస్తానమ్మ గుమ్మంలోనే ఆ కథ చచ్చింది. ఆమె జన్మలో మోకాళ్ళూనలేదు, చేతులు చూస్తే పీతల్ని చీలుస్తున్నాయి. తాగే నీళ్ళు అడిగాను, అన్ని ఇళ్ళకూ ఒకటే గొట్టం. వయసు చూశాను, కుదరలేదు. చివరికి వంటిళ్ళలోకి దూరాను.

మస్తానమ్మ ఇత్తడి సామాను పోయిన తుఫానులో కొట్టుకుపోయింది. పోటు తగ్గినప్పుడు తిప్ప మీద మట్టి తవ్వి, కుండలు చేసుకుని, వాటిలోనే వండుకుంటోంది. బుడేసాయిబు భార్య పోయినప్పటి నుంచి చేపను నిప్పుల మీద కాల్చుకుని తింటున్నాడు. నాంచారయ్య భార్యది తూర్పు తెప్ప పుట్టిల్లు. పడమటివాళ్ళలో ఆ ఇంట్లోనే రోజూ పులుసు. మిగతా పడమటి ఇళ్ళన్నీ ఎండుచేప వేపుడు. ఇక నేను. నా గంజి, నా గుండెమంట.

కళాయి వేసే వీరాస్వామి దగ్గరికి పోయాను. తిత్తి పక్కన కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ ఒళ్ళో వేలాడుతున్నాయి. అందరికన్నా ముందు వాలినవి అతనివేనట, పని పోతుందని ఎవరికీ చెప్పలేదట.

"ఈ ఏడు కళాయిలో ఏం కలిపావు వీరాస్వామీ?"

"తగరం అయిపోయింది మావా. మునిగిన ఊళ్ళో దిగి, పాత బేటరీలు పగలగొట్టి సీసం తెచ్చా. సగానికి సగం కలిపా. మెరుపు రెట్టింపొచ్చింది. అందరూ మెచ్చుకున్నారుగా? నువ్వూ మెచ్చుకున్నావు!"

మెచ్చుకున్నాను. సీసం, దాని మీద చింతపండు పులుసు, అందులో ఒక పూటంతా నిద్ర. పులుపుకు సీసం కరిగితే పులుసు తియ్యబడుతుంది, తిన్నవాడికి విషమవుతుంది.

పరుగెత్తి పీఠమెక్కి అరవాలనిపించింది. అంతలో దీనమ్మ మాట కాలికి మోకులా అడ్డం పడింది. ఇదీ బాగా అతుకుతోంది. నా దూడ కథా ఇలాగే అతికింది. పొందిక ఊగు కథా ఇలాగే అతికింది. అతకడం చూసి మూడోసారి మోసపోనా? రెండు కథలూ చెరోమాట చెప్పే చోటు ఒకటి వెతకాలి. అక్కడ ఒక కథ విరగాలి. విరగనని ముందే ఒట్టేసుకున్న కథ నాకొద్దు.

ఆరో రాత. మధ్యాహ్నం.

ఇందుమతితో పొద్దుటి నుంచీ పోట్లాటే.

"బాబాయ్, ఊగు దోషం ఎన్నిటికి సమాధానం చెప్పిందో చూడు. నీ గిన్నె కథ ఒక్కదానికే."

"ఎదురుకథని దాని పక్కన పెట్టి తూచావా?"

"ఎదురుకథ ఎవరూ చెప్పలేదు."

"చెప్పినోళ్ళని మళ్ళీ ఆలోచించుకు రమ్మంది మీ యంత్రం! తక్కెడలో ఒక పళ్ళెమే పెట్టి బరువెంతో చెబుతన్నావమ్మా."

"ఏం చేద్దామంటావు?" అంది ఇందుమతి చివరికి.

గ్రంథం తీశాను. రాజు చెరపట్టుకుపోయిన నలుగురు కుర్రాళ్ళ సంగతి చదివి వినిపించాను. రాజుగారి మాంసం మాకొద్దు, కొన్నాళ్ళు మాకు కాయకూరలు పెట్టు, రాజుగారి తిండి తిన్నవాళ్ళ మొహాలూ మా మొహాలూ పక్కపక్కన పెట్టి చూసుకో, ఆ పైన నీ ఇష్టం అని వడ్డించేవాడితో అన్నారు వాళ్ళు. నమ్మమని బతిమాలలేదు. చూసుకోమన్నారు. 

"ఊయల గదిలో సగంమందికి గుండిగ పులుసు, సగంమందికి మస్తానమ్మ కుండల్లో వండిన పులుసు. అదే చేప, అదే చింతపండు. కుండలు ఎట్టాగూ సగంమందికే వస్తాయి. ఎవరికి ఏదో నేనూ తేల్చను, నువ్వూ తేల్చబాక. చీట్లేద్దాం. మా పెద్దలు తీర్పు చిక్కుపడినప్పుడల్లా చీట్లే వేశారు."

"దాంతో ఏం తేలుతుంది?"

"ముందు పొందికని అడుగు, ఏం జరుగుతుందో. జరిగాక కాదు, ముందే."

అడిగింది. "కుండతో పని లేదు. గిన్నె ఏదైనా ఎక్కువ ఊగిన తూర్పువారికి తగ్గదు, పడమటివారికి తగ్గుతుంది," అంది పొందిక. ఇందుమతి ఆ మాటను అన్ని బూరల్లో ఊరికి వినిపించింది. నేను కూడా అదే బూరలో చెప్పాను: "కుండ తిన్నోళ్ళకీ గుండిగ తిన్నోళ్ళకీ తేడా కనబడకపోతే నా మాట తప్పు. పీఠం దిగి మళ్ళీ ఎక్కను." తప్పని తేలడానికి సిద్ధపడి మాట్లాడటం నా బతుకులో అదే మొదలు.

చీట్లు బుడేసాయిబు టోపీలో వేశాం. శాంతకుమారికీ, పాలు తాగే ఆమె బిడ్డకీ కలిపి కుండ వచ్చింది. నాంచారయ్య కొడుక్కి గుండిగ.

దీనమ్మకు గుండిగ.

ఏడో రాత. పోటు.

నిద్ర లేదు, తిండి లేదు, మోకు పేనితే పురి తప్పుతోంది. ఇన్ని వారాలుగా రోజూ ఊయల గది గుమ్మంలో నిలబడి, నేను విషమని నమ్మే అన్నాన్ని నా భార్య నోట్లో ఎవరో పెడుతుంటే చూస్తున్నాను. ఇవాళ ఓర్చుకోలేక లోపలికి పోయి గిన్నె లాక్కున్నాను.

"పెట్టెయ్యి," అంది దీనమ్మ.

"చాలే ఈ పరీక్ష! కుండలోది తెస్తా, ఎవరడుగుతారో చూస్తా."

"ఎవరూ అడగరు. బోదకుడు పెళ్ళాన్ని మార్చుకున్నాడని మాత్రం అనుకుంటారు. ఆ తర్వాత నువ్వు సూర్యుడు పొడిచాడన్నా నమ్మరు."

"నీకేమన్నా అయితే?"

"నీ కథ తప్పయితే నాకు గిన్నెతో ఏమీ కాదు. నిజమైతే తొందరగా తేలుతుంది. ఎటైనా నన్ను మార్చబాక." తరువాత నవ్వింది. "ఇన్నేళ్ళు నీ బోధ తిన్నా, చచ్చానా? ఇదెంత!"

నేను నవ్వలేదు. కొండ మీద కొడుకును కట్టెల మీద పడుకోబెట్టినవాడికి చివరి ఘడియలో చెయ్యి ఆపే కేక వినబడింది. నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. గరిటె చప్పుడే వినబడింది.

ఎనిమిదో రాత. గాలి మళ్ళింది.

తేలింది.

పొద్దున శాంతకుమారి తన బిడ్డ జుట్టు తనే దువ్వింది. కుండ తిన్నవాళ్ళకు ముందు కడుపులో మెలి వదిలింది, తరువాత ఒక్కొక్కరివీ వేళ్ళు ముడుచుకోవడం మొదలెట్టాయి. తూర్పువాళ్ళవీ లేచాయి. గుండిగ తిన్నవాళ్ళు ఉన్నచోటనే ఉన్నారు, కొందరు ఇంకా దిగారు. పడమటివాడైన నాంచారయ్య కొడుకు ఏడుస్తూ మెలికలు తిరిగాడు. ఇందుమతి తనే వెళ్ళి గుండిగను రెండు చేతులా ఎత్తి, పులుసు సముద్రంలో కుమ్మరించింది. ఎవరూ చెప్పకముందే చేసింది. దీనమ్మకు ఆ పూటే కుండలో గంజి పోశాను. మింగడానికే అలిసిపోయింది.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నారా? నేనూ అనుకున్నాను, మూర్ఖుణ్ణి.

జరిగిందంతా ఇందుమతి మా అందరి ముందూ పొందికకు చెప్పింది. పొందిక తడుముకోలేదు. "పొందింది," అంది. "మట్టి భూమి. భూమి ఊగదు. మట్టి తాకినవారికి ఊగు ఆగింది. ఊగు దోషం మరింత గట్టిగా తేలింది. అందరూ మెడలో మట్టిబిళ్ళ కట్టుకోవాలి."

ఇందుమతి గొంతు కీచుమంది. "కుండతో పని లేదని నువ్వేగా చెప్పింది?"

"ఆ మాట మిగతావాటితో పొందలేదు. తీసేశాం."

మనుషులతో చేసిందే తనతోనూ చేసుకుంది. తన ఓటమిని తనే దిద్దుకుని, ఇంకాస్త నునుపై కూర్చుంది. మట్టి కదలదు, కాబట్టి మట్టి కట్టుకుంటే మనిషి కదలడట! పోలికలు చూసి పొంగిపోవడం ఎంత తేలికో చూశారా? నక్క తోక కట్టుకున్నవాడు జిత్తులమారి అవుతాడా?

నాంచారయ్య గడ్డపలుగు తెచ్చాడు, బూరలు పగలగొడతానని. నేనే అడ్డం పడ్డాను. "తుఫాను మాట దాన్నే అడుగుదాం. అది చెప్పినప్పుడు తుఫాను వస్తది, రాకపోతే తెలుస్తది. అట్టా తేలే మాటలుంటే విందాం. ఎటు తిరిగినా గెలిచే మాట చెబితే మాత్రం చెవి మూసుకుందాం, అది దానిదైనా, నాదైనా," అన్నాను.

"నీది కూడానా మావా?" అన్నాడు.

"ముందు నాదే."

తొమ్మిదో రాత. ఇవాళ.

ఇందుమతి పొద్దున్నే పరుగెత్తుకొచ్చింది. పొందిక మాటలు రేడియోలో మిగతా తెప్పల ఊళ్ళకూ పోతాయి, ఎప్పటి నుంచో ఉన్న ఏర్పాటే. మట్టిబిళ్ళ మాట మీ అందరికీ చేరిపోయింది. మీ దగ్గరి పొందికలు కూడా "పొందింది" అనేశాయట. మీ బోధకులు కొందరు బిళ్ళలకు ప్రార్థన చేసి ఇస్తున్నారట. రేడియోలో మా మాట ఎంత చెప్పినా మీ బూరలు పొందలేదని పక్కకు తోసేస్తున్నాయి. అందుకే కాగితం మీద, పడవలో, మనిషి చేతికి పంపుతున్నాం.

ఇంకొకటి. వీరాస్వామి పండగ అవగానే, చేతులు వాలకముందే, మీ ఊళ్ళు తిరిగి కళాయి వేసొచ్చాడు. ఏ ఊళ్ళోనో అతను ఏడుస్తూ చెప్పాడు: దాదాపు అన్నీ. మెడలో మట్టిబిళ్ళ వేసుకుని, మెరిసే గిన్నెలో నిన్నటి పులుసు పిల్లలకు కలిపి పెడుతున్నారు మీరు, ఈ ఘడియలో.

దీనమ్మ కుండగంజి తాగుతోంది. కడుపులో మెలి పోయింది. చేతులు లేవలేదు. లేస్తాయో లేదో నాకు తెలియదు. తెలుసని చెప్పి మిమ్మల్ని కదిలించవచ్చు, అలా కదిలించడం నాకు బాగా వచ్చు కూడా. చెప్పను. ఇవాళ పొద్దున ఎడమ చిటికెనవేలు కదిలిందని ఆమె అంటోంది. నేను చూశాను, నాకు కనబడలేదు.

"రాసింది చాలయ్యా, పడవ పోతంది," అంటోంది ఊయలలోంచి. "వాళ్ళ దగ్గర నాకన్నా చిన్నోళ్ళు ఉంటారు."

నన్ను నమ్మొద్దు. మీ ఊళ్ళోనే చూసుకోండి: పొందని మాట చెప్పినవాళ్ళను లేపి అడగండి, వాళ్ళ వంటిళ్ళలోకి పోండి. మెరిసే గిన్నె వదిలిన ఇళ్ళలో కూడా కొత్తవాళ్ళ చేతులు వాలిపోతుంటే నేను తప్పు, ఆ కబురు పడవలో పంపండి, కూటంలో నిలబడి చదువుతాను. కానీ చూసుకునేదాకా తినొద్దు! పరీక్ష రేపు పెట్టుకోండి, గిన్నె ఇప్పుడు దించండి. ఇది చదువుతున్నవాడా, కాగితం పక్కవాడికిచ్చి లే. పొయ్యి దగ్గరికి పో. ఆ పులుసు ఎంత తియ్యగా ఉన్నా, ఎవరు ఎంత ప్రేమగా వండినా, కుమ్మరించు. మీ ఊళ్ళో కుండ లేదా? చేపను నిప్పుల మీద కాల్చు. పక్కింటి తలుపు కొట్టు, తియ్యకపోతే గట్టిగా కొట్టు. పిల్లల చేతుల్లో ముద్ద ఉంటే విదిలించు, ఏడిస్తే ఏడవనియ్. ఈ పూట. ఈ పూటే!